నల్లగొండ ఎండలో ప్లాస్టిక్ కిట్: ఏ అతుకుకు ఏ జిగురు

విమానమో, ట్యాంకో, ఓడో, స్కేల్ మోడల్ (అసలుదాని చిన్న నమూనా) కిట్ పెట్టె తెరిస్తే భాగాలున్న ఫ్రేములు, డెకాల్ కాగితం (నీళ్లలో తడిపి అతికే గుర్తులు), సూచనల పుస్తకం కనిపిస్తాయి. కొన్ని స్టార్టర్ సెట్లను మినహాయిస్తే జిగురు మాత్రం ఉండదు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో పార్సిల్ అందుకున్నవాళ్లు ముందుగా చేసే పని వీధి చివర కిరాణా షాపుకు పోయి ఫెవిక్విక్ ట్యూబు తెచ్చుకోవడం. అతకడమైతే అతుకుతుంది. పేచీ తర్వాత మొదలవుతుంది. మోడల్ చేయి జారి పడితే రెక్క మొదలంటా టక్కున ఊడొస్తుంది. కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, ఎంత తుడిచినా పోదు.

కాస్త చదువుకుని మొదలుపెట్టినవాళ్లు పేరున్న మోడల్ సిమెంటు (కిట్ ప్లాస్టిక్ అతికే ద్రవం) సీసా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎండకాలంలో వాళ్లకు ఇంకో తలనొప్పి: సూచనల్లో ఉన్నట్టే చేసినా అతుకు పట్టదు. ఆ సూచనలు 20, 25 డిగ్రీల గదిని మనసులో పెట్టుకుని రాసినవి. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 42 దాటడం మామూలే, రేకుల గదిలో అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఇక్కడ బ్రాండు పేరు కంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: చేతిలో ఉన్నది ఏ ప్లాస్టిక్, ఈ పూట గదిలో గాలి ఎలా ఉంది.

కరిగించి కలిపేవి, పట్టి ఉంచేవి

కిట్ జిగుర్లన్నీ రెండు జాతులు. ఒకటి సిమెంటు. ఇది నిజానికి ద్రావకం. రెండు అంచులనూ కొంచెం కరిగిస్తుంది, కరిగిన ప్లాస్టిక్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది, ద్రావకం ఆవిరై పోయాక అక్కడ మిగిలేది ప్లాస్టికే. బాగా పడిన సిమెంటు అతుకును విరిస్తే అతుకు దగ్గర కాకుండా పక్కన విరగడం మామూలు. రెండో జాతి రెండు భాగాల మధ్య తానొక పొరగా గట్టిపడి వాటిని పట్టుకుని ఉంటుంది. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూలు, అరల్డైట్ లాంటి ఎపాక్సీలు, తెల్ల ఫెవికాల్ అన్నీ ఈ జాతే. ఆ పొర ఎంత గట్టిదైతే అతుకు అంత గట్టిది. సూపర్ గ్లూ పొర నిలువుగా లాగితే బాగా ఓర్చుకుంటుంది, పక్క నుంచి దెబ్బ తగిలినా, అంచు పట్టుకుని ఒలిచినా పెళుసుగా విడిపోతుంది. రెక్క ఊడటానికి కారణం అదే.

కిట్లలో నూటికి తొంభై పాళ్లు వాడేది పాలీస్టైరీన్. ఇది మనకు కొత్తదేం కాదు. టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్ కూడా పాలీస్టైరీనే, అందులో ఎక్కువ భాగం గాలి, అంతే తేడా. సిమెంటు ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడాలంటే థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క వేయాలి. క్షణాల్లో గుంట పడి, చుక్క వెళ్లిన దారంతా కుంగిపోతుంది. కిట్ భాగం మీదా జరిగేది అదే, కాకపోతే గాలి లేదు కాబట్టి పైపొర మాత్రమే మెత్తబడుతుంది. సిమెంటు ఎక్కువ పోస్తే సన్నటి యాంటెన్నాలు వంగిపోవడం, బల్లపరుపు రెక్క మీద ముడతలు రావడం ఎందుకో ఈ చిన్న ప్రయోగంతోనే తెలిసిపోతుంది.

సీసాలో ఏముంది

ఎక్కువ మంది వాడే టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు, ఆకుపచ్చ మూత 40 మి.లీ. సీసా, దాదాపు సగం అసిటోన్, సగం బ్యూటైల్ అసిటేట్. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది, బ్యూటైల్ అసిటేట్ 126 దగ్గర. అంటే మొదటిది త్వరగా ఎగిరిపోయి అతుకును పట్టిస్తుంది, రెండోది వెనక ఉండి నిదానంగా ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. లేత ఆకుపచ్చ మూత ఉన్న క్విక్ సెట్టింగ్ రకం ఇంకా తొందరగా ఆరుతుంది. నారింజ మూతది చిక్కటి సిమెంటు. అందులో కరిగిన పాలీస్టైరీన్ కూడా కొంచెం ఉంటుంది కాబట్టి సన్నటి ఖాళీలు నిండుతాయి. సూది మూతితో వచ్చే రెవెల్ కాంటాక్టా కూడా చిక్కటి రకమే. బిడ్డ చేత చేయించాలంటే పీల్చే వాసన తక్కువగా ఉండే లిమోనీన్ సిమెంటు మంచిది. నారింజ తొక్క నూనె నుంచి వస్తుంది, 176 డిగ్రీల దగ్గర గానీ మరగదు, అందుకే చాలా నిదానం.

ఇక ఎండాకాలం లెక్క. 42 డిగ్రీల గదిలో పైన ఫ్యాన్ తిరుగుతుంటే ఎక్స్‌ట్రా థిన్ బ్రష్ సీసా నుంచి అతుకు దాకా వచ్చేలోపే అందులోని అసిటోన్ చాలా భాగం పోతుంది. అతుకులోకి పాకాల్సిన ద్రవం మధ్యలోనే ఆగుతుంది. పైకి తడి కనిపిస్తుంది, లోపల పొడిగా ఉంటుంది. రెండు రోజుల తర్వాత రుద్దుతుంటే చీలిక బయటపడుతుంది. ఎండలో క్విక్ సెట్టింగ్ కొనడం డబ్బు దండగ. ఆ సీసా డిసెంబర్, జనవరి పొద్దుల్లో పనికొస్తుంది, అప్పుడు ఎక్స్‌ట్రా థిన్ కూడా కాస్త మందగిస్తుంది. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా నారింజ మూత సిమెంటుదే పైచేయి. పొడవైన అతుకుకు సన్నటి సిమెంటే కావాలనుకుంటే పొద్దున ఎనిమిది లోపు చేయాలి. బ్రష్ పెట్టేటప్పుడు ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి, రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున ముక్కలుగా నింపుకుంటూ పోవాలి. స్టీలు గిన్నెలో రెండు వేళ్ల లోతు కుండ నీళ్లు పోసి అందులో సీసా నిలబెడితే ద్రవం చల్లగా ఉంటుంది, సీసా తన్నుకుపోయి ఒలికే ప్రమాదమూ తగ్గుతుంది. నీటి చుక్క సీసాలో పడకుండా చూసుకోవాలి.

ముందు ప్లాస్టిక్‌ను పోల్చుకోవడం

చాలా ఫ్రేముల మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది: పీఎస్ అంటే పాలీస్టైరీన్, ఏబీఎస్ అంటే దానికి దగ్గరి చుట్టం, పీఈ అంటే పాలిథీన్. బండాయ్ రోబో కిట్లలో ఈ మూడూ ఒకే పెట్టెలో ఉండొచ్చు, అందుకే అక్కడ చూడకుండా జిగురు పెడితే సగం అతుకులు ఊడిపోతాయి. రాత లేకపోతే రెండు గ్లాసులతో తేల్చేయవచ్చు. ఫ్రేము నుంచి చిన్న ముక్క కత్తిరించి, బుడగలు అంటకుండా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన మంచినీళ్లలో ముంచి వదలాలి. తేలితే పాలిథీనో పాలీప్రొపిలీనో. మునిగితే, 200 మి.లీ. నీళ్లలో 60 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించిన రెండో గ్లాసులో వేయాలి. ఇక్కడ తేలితే పాలీస్టైరీన్ లేదా ఏబీఎస్. ఇందులో కూడా మునిగితే పీవీసీనో, త్రీడీ ప్రింట్లలో వాడే పీఎల్‌ఏనో అనుకోవాలి. పాలీస్టైరీన్ సాంద్రత 1.05, ఉప్పునీటిది 1.17 దాకా వస్తుంది, పీఎల్‌ఏది 1.24. అందుకే ఈ గ్లాసులు అబద్ధం చెప్పవు. రెజిన్ (ద్రవంగా అచ్చులో పోసి గట్టిపరిచే వేరే రకం ప్లాస్టిక్) భాగాలు కూడా ఉప్పునీటిలో తేలవచ్చు గానీ వాటిని చూడగానే గుర్తుపట్టవచ్చు: దిగువన మందపాటి దిమ్మ ఉంటుంది, సిమెంటు చుక్క వేసినా పైపొర చెక్కుచెదరదు.

ఏబీఎస్‌కు అసిటోన్ ఉన్న సన్నటి సిమెంటు ఫర్వాలేదు. ఎక్కువ భారం పడే చోట ఏబీఎస్ కోసమే అమ్మే సిమెంటు తీసుకోవాలి. పీఎల్‌ఏ మీద కిట్ సిమెంటు పనిచేయదు, సూపర్ గ్లూ లేదా ఎపాక్సీ వాడాలి. పాలిథీన్ మీద ఏదీ సరిగా నిలవదు. పాత ట్యాంకు కిట్లలో మెత్తటి బెల్టు ట్రాకులు ఇవే అయితే జిగురు వెతకడం మానేసి, సూది వేడి చేసి రెండు కొసలనూ కరిగించి కలపడమో, సన్నటి తీగతో కుట్టడమో నయం. మెత్తటి వినైల్ టైర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాటిలోని మెత్తబరిచే నూనెలు ఏళ్ల తరబడి ఆనుకున్న పాలీస్టైరీన్ రిమ్ములోకి దిగి దాన్ని కరిగిస్తాయి. జిగురు తప్పు అనుకుంటారు, కాదు. రిమ్ముకు ముందే పెయింట్ పొర వేస్తే కొంత కాపుదల.

అతికే ముందు కడగాలని అందరూ రాస్తారు. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు భాగాల మీద మిగులుతుంది కాబట్టి అది నిజమే. ఇక్కడి బోరు నీళ్లతో చివరి కడుగు కడిగితే మాత్రం ఆరాక ఉప్పుల తెల్ల మచ్చలు మిగులుతాయి. సబ్బు నీళ్ల తర్వాత ఆఖరుసారి ఫిల్టర్ నీళ్లతో ముంచి, నీడన ఆరబెట్టాలి. పెయింట్ వేసిన అంచుకు, క్రోమ్ పూత ఉన్న భాగానికి సిమెంటు తగలదు. అతికే చోట బ్లేడుతో గీకి ప్లాస్టిక్ బయటపడేలా చేయాలి.

పొడవైన అతుకు

కిట్‌లో అసలు పరీక్ష విమానం పొట్టకే. 1963లో వైమానిక దళంలో చేరి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్-21ను తీసుకుంటే, చాలా కిట్లలో గొట్టం లాంటి ఆ దేహం ఎడమ, కుడి సగాలుగా వస్తుంది. అతుకు గీత పొట్ట కిందా వీపు మీదా ముక్కు నుంచి తోక దాకా పోతుంది. అసలు విమానం మీద ఆ గీత ఉండదు, కాబట్టి మోడల్ మీదా కనిపించకూడదు.

ముందు జిగురు లేకుండా రెండు సగాలు కలిపి వెలుతురుకు పట్టుకుని చూడాలి. వెలుగు ఎక్కడ దూరుతోందో అక్కడ ఆకురాయితోనో సాండ్ పేపర్‌తోనో సరిచేయాలి. చిక్కటి సిమెంటు రెండు అంచులకూ పూసి 15, 20 సెకన్లు ఆగాలి, మళ్లీ ఒక పూత పూసి కలిపి నొక్కాలి. అప్పుడు గీత పొడవునా కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా ఉబికి వస్తుంది. అది కనిపించిందంటే అతుకు లోపలిదాకా కలిసినట్టే. కనిపించని చోట సన్నటి సిమెంటు బ్రష్ కొసతో తాకించాలి, అది తానే పాకుతుంది. ఉబికిన దాన్ని తుడవకూడదు, వేలు పెట్టకూడదు. పట్టుకోవడానికి మాస్కింగ్ టేపు ముక్కలు మూడు నాలుగు సెంటీమీటర్లకొకటి చాలు, కానీ సన్నటి సిమెంటు టేపు అంచు కిందికి దూరి అక్కడ మచ్చ చేస్తుంది. టేపుకూ టేపుకూ మధ్యే బ్రష్ తాకించి, ఆరాక టేపు తీసేసి మిగతా చోట్లు నింపాలి. వేళ్లు అతుకు మీద ఉన్నప్పుడు సిమెంటు పెడితే ద్రవం వేలి కిందికి పాకుతుంది, వేలిముద్ర ప్లాస్టిక్‌లో అచ్చు పడిపోతుంది. పొరపాటున ఎక్కడైనా చుక్క పడితే వెంటనే తుడవాలని చేయి వెళ్తుంది. తుడిస్తే మెత్తబడిన పైపొర మొత్తం రేగిపోతుంది. అలాగే వదిలేసి, మర్నాడు 1000 నంబర్ పేపర్‌తో తడిగా రుద్దితే మచ్చ పోతుంది.

తర్వాతది ఓపిక పని. రెండు గంటల్లో పైకి గట్టిగానే ఉంటుంది, ఎండలో అయితే గంటలోనే. లోపల ద్రావకం ఇంకా పోతూ ఉంటుంది. పోతున్నకొద్దీ అతుకు దగ్గర ప్లాస్టిక్ కుంగుతుంది. తొందరపడి మర్నాడే రుద్ది నున్నగా చేసి పెయింట్ వేస్తే వారం తర్వాత అదే గీత పెయింట్ కిందనుంచి మళ్లీ తేలుతుంది. సన్నటి సిమెంటుకు 48 గంటలు, చిక్కటి దానికి నాలుగైదు రోజులు ఇవ్వాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సిమెంటు వాసన ఏ మాత్రం వచ్చినా ఆరలేదనే లెక్క. వాసన పోయాక బ్లేడు అంచుతో గీకి, 400, 600, 1000 వరసన రుద్దాలి.

పెద్ద ఖాళీలకు పుట్టీ కొనక్కర్లేదు. అదే కిట్ ఫ్రేము ముక్కలను మినపగింజంత చొప్పున కత్తిరించి, ఖాళీ గాజు సీసాలో మూడో వంతు సన్నటి సిమెంటు పోసి అందులో వేసి మూత బిగిస్తే ఒక రోజులో తేనె చిక్కదనానికి వస్తుంది. రంగు కూడా కిట్ రంగే. ఇది చాలా కుంచించుకుపోతుంది కాబట్టి గీత కంటే ఎత్తుగా పెట్టి, కనీసం నాలుగు రోజులు ఆగాలి. లోతైన గుంటలో ఒకేసారి దట్టిస్తే కింది ప్లాస్టిక్ మెత్తబడి వంగుతుంది, పొరలు పొరలుగా వేయాలి.

కూలరూ సూపర్ గ్లూ

సూపర్ గ్లూ అంటే సయనోఅక్రిలేట్. ఇది ఆరదు, గాలిలోని తేమతో రసాయనికంగా గట్టిపడుతుంది. ఈ తేడా తెలియకపోతే దక్షిణ తెలంగాణలో దీని ప్రవర్తన అర్థం కాదు. మే నెల మధ్యాహ్నం పొడి గాలిలో చుక్క పెడితే కదలకుండా కూర్చుంటుంది, ఎంతకీ పట్టదు. కూలర్ వేసి తలుపులు మూస్తే అదే గదిలో తేమ పెరిగి, అదే ట్యూబు క్షణాల్లో పట్టేస్తుంది. అదే తేమ ఎక్కువైతే ఆవిరైన జిగురు తెల్లటి దుమ్ములా చుట్టుపక్కల పేరుకుంటుంది. అద్దాల మీద వచ్చే పొర ఇదే. జూలై, ఆగస్టు ముసురులో కూలర్ లేకుండానే ఈ బాధ ఉంటుంది. కాబట్టి ఎండలో పట్టకపోతే కూలర్‌కు కాస్త ఎడంగా కూర్చుని పని చేయాలి, పొర రాకుండా ఉండాలంటే కూలర్ ఆపి ఫ్యాన్ గాలి మెల్లగా తగిలేలా చూసుకోవాలి. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు.

ఈ పదార్థం 1942లో ఈస్ట్‌మన్ కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే అద్దాలకు పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుండగా దొరికింది. ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు, 1958లో జిగురుగా బజారుకు వచ్చింది. అద్దాల కోసం వెతికితే దొరికినది కిట్ అద్దాలకే పనికిరాకపోవడం తమాషా.

ఇది నిజంగా కావాల్సిన చోట్లున్నాయి: రేకులా ఉండే ఇత్తడి ఎచ్చింగ్ (రసాయనంతో చెక్కిన) భాగాలు, రెజిన్ భాగాలు, పోత లోహం భాగాలు, పీఎల్‌ఏ. ట్యూబు మూతితో నేరుగా పోయకూడదు. ప్లాస్టిక్ మూత మీద ఒక చుక్క పిండి, కుట్టు సూది బెజ్జం పైకొన విరిచేసి మిగిలిన రెండు కొమ్ముల మధ్య పట్టిన రవ్వంత జిగురునే అతుకుకు తాకించాలి. ఇత్తడిని ముందు 600 పేపర్‌తో మసకగా రుద్దాలి, మెరిసే లోహం మీద పట్టు ఉండదు. తినే సోడా చల్లితే సూపర్ గ్లూ అక్కడికక్కడే రాయి అవుతుంది, చిన్న గుంట నింపడానికి బాగుంటుంది. తర్వాత రుద్దడం కష్టం, జిగురు గట్టిగా, చుట్టూ ప్లాస్టిక్ మెత్తగా ఉండి చుట్టూ గుంట పడుతుంది. టాల్కం పౌడర్ కలిపిన సూపర్ గ్లూ అంత గట్టిపడదు. దేన్ని వాడినా గంటలోపు రుద్దేయాలి.

వేళ్లు అంటుకుంటే గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయాలి. అసిటోన్ దీన్ని కరిగిస్తుంది, కానీ కిట్ ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది కాబట్టి మోడల్ దగ్గరకు తేకూడదు. పత్తి గుడ్డతో ఒలికిన జిగురును తుడిస్తే రసాయన చర్య వేగంగా జరిగి వేడి పుడుతుంది, చేయి కాలేంత. తెరిచిన ట్యూబును మాత్రల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో పాటు గట్టి మూత స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. చల్లటి ట్యూబు మీద పట్టే చెమ్మ లోపలికి పోతే ట్యూబే గడ్డ కడుతుంది.

అద్దాలు, బరువులు

కాక్‌పిట్ అద్దం, కిటికీలు, హెడ్‌లైట్లు గట్టి, పెళుసు పారదర్శక పాలీస్టైరీన్. దీనికి సిమెంటు తాకితే సన్నటి పగుళ్లు లేస్తాయి. ఇక్కడ ఫెవికాల్ ఎంఆర్ చాలు. పంటిపుల్లతో అంచున సన్నటి గీత పెట్టి, అద్దం ఆనించి, ఎక్కువైనదాన్ని తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయాలి. పలుచగా ఉంటే తెల్లగా ఉన్నది ఆరాక కనబడదు. అతుకు బలహీనమే, కానీ అద్దం మీద ఎవరూ బరువు పెట్టరు. అరసెంటీమీటరు లోపు చిన్న కిటికీలైతే అద్దం కూడా అక్కర్లేదు, ఫెవికాల్‌ను పుల్లతో చుట్టూ లాగి రంధ్రం మీద పొరలా పరిస్తే అదే కిటికీ అవుతుంది.

పి-38, బి-25 లాంటి విమానాలు ముక్కు చక్రం మీద నిలబడాలంటే ముక్కులో బరువు పెట్టాలి, ఎన్ని గ్రాములో కొన్ని సూచనల పుస్తకాల్లో ఉంటుంది. సీసపు గుండ్లు, తెల్ల జిగురు కలిపి పెడితే అదొక టైం బాంబు. జిగురులోని ఆమ్లం, తేమ కలిసి సీసాన్ని తెల్లటి కార్బనేట్‌గా మారుస్తాయి, అది ఉబ్బి కొన్నేళ్లకు ముక్కును లోపలినుంచి చీలుస్తుంది. సైకిల్ షాపులో దొరికే ఉక్కు బేరింగ్ గుండ్లు అరల్డైట్‌తో పెట్టడం మేలు. ఒకేసారి ఎక్కువ ముద్ద వేస్తే, అందులోనూ అయిదు నిమిషాల రకమైతే, గట్టిపడుతూ వేడెక్కి పలుచటి ప్లాస్టిక్‌ను వంచుతుంది. చెంచాలో పావు వంతు చొప్పున, ఒకటి చల్లారాక ఇంకొకటి వేయాలి. ఎండకాలంలో కలిపాక చేతిలో ఉండే వ్యవధి సగానికి పడిపోతుందని గుర్తుంచుకుని కొంచెం కొంచెమే కలపాలి. రెండు ట్యూబుల కొలత సరిగా లేకపోతే ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్లకు జరిగేదీ అదే.

హార్డ్‌వేర్ షాపులో దొరికేవి

బోర్లు, పైపులు లేని ఊరు లేదు కాబట్టి పైపుల సొల్యూషన్ ప్రతి షాపులో ఉంటుంది, కిట్‌కు ఎందుకు పనికిరాదని అడిగేవాళ్లూ ఉంటారు. అందులో టెట్రాహైడ్రోఫ్యూరాన్, సైక్లోహెక్సనోన్ లాంటి ఘాటు ద్రావకాలు, వాటిలో కరిగించిన పీవీసీ ఉంటాయి. ద్రావకాలు పాలీస్టైరీన్‌ను మరీ లోతుగా తినేస్తాయి, మిగిలే పీవీసీ పొర దాంతో కలవదు. సోఫాలకు, చెప్పులకు వాడే రబ్బరు జిగుర్లు తీగలు సాగుతాయి, వాటిలోని ద్రావకం భాగాల మీది గీతలను చెరిపేస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నూనెలు, రంగు, సెంటు కలిపి ఉంటాయి. పెయింట్ థిన్నర్ ఒక్కో డబ్బాలో ఒక్కో మిశ్రమం. యాక్రిలిక్ అక్షరాలు అతికే బోర్డుల షాపుల్లో క్లోరోఫాం వాడకం ఉంది. అతుకు గట్టిగానే వస్తుంది, కాలేయానికి చేటు కాబట్టి ఇంటి గదిలో దాని జోలికి పోకూడదు. 40 మి.లీ. సిమెంటు సీసా సరిగా మూత పెడితే కిట్లకు కిట్లే లాగుతుంది, ఇన్ని తంటాలు పడేంత ఖరీదు దానిది కాదు.

జిగురు తారుమారయ్యే ఇంకో చోటు బడి ఎగ్జిబిషన్. ఈ జిల్లాల్లో నాగార్జునసాగర్ మోడల్ చేయని బడి అరుదు. రాతి కట్టడం 1,450 మీటర్ల పొడవు, 124 మీటర్ల ఎత్తు. వెయ్యో వంతు స్కేలులో 1.45 మీటర్లు, 12.4 సెంటీమీటర్లు అవుతుంది, 26 గేట్లు ఒక్కోటి సెంటీమీటరు పైచిలుకు వెడల్పున వస్తాయి. దేహానికి థర్మాకోల్ షీట్లు పేర్చి అతకడం సులువు. అక్కడ కిట్ సిమెంటు గానీ, రబ్బరు జిగురు గానీ వాడితే డ్యాం కుంగిపోతుంది. తెల్ల ఫెవికాల్ మాత్రమే వాడాలి, అదీ పలుచగా, చుక్కలు చుక్కలుగా. రెండు షీట్ల మధ్య నీరు బయటికి పోయే దారి ఉండదు, మొత్తం పూస్తే మధ్యలో వారమైనా పచ్చిగానే ఉంటుంది. టూత్‌పిక్‌లు గుచ్చి రెండు రోజులు పుస్తకాల బరువు పెట్టాలి. గేట్లకు సన్‌బోర్డు ముక్కలు వాడి వాటినీ ఫెవికాల్‌తోనే పెట్టవచ్చు. స్ప్రే పెయింట్‌లోనూ ద్రావకమే ఉంటుంది కాబట్టి ముందు ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వాలి. గంట ముందు స్ప్రే కొట్టి డ్యాంను చిల్లులు పడేలా చేసుకోవడం ఎగ్జిబిషన్ పొద్దున మామూలుగా కనిపించే దృశ్యమే.

సీసాను ఎక్కడ పెట్టాలి

సిమెంటు ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతుంది. కింద కూర్చుని పని చేసే ఇంట్లో పక్కన అగరుబత్తి, దేవుడి దీపం, దోమల కాయిల్ ఉండకూడదు. వంటగది బల్ల మీద అసలే వద్దు. కిటికీ తెరిచి దాని పక్కన కూర్చోవాలి, తల నొప్పిగా అనిపిస్తే ఆపేయాలి. సూపర్ గ్లూ ట్యూబులా సిమెంటు సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మూత లీకైతే మూసిన పెట్టెలో ఆవిరి నిండుతుంది, థెర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, పిల్లలకు అందని అల్మారాలో పెట్టాలి. బైక్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద మరచిపోతే మూత వదులై సీసా సగం ఖాళీ అవుతుంది, కిట్ భాగాలు ఉంటే అవి కూడా వంకరపోతాయి.

ఇవి మండే ద్రవాలు కాబట్టి విమానంలో పంపరు, పార్సిల్ రోడ్డు మీదే వస్తుంది. హైదరాబాద్ దాటి నల్లగొండ, వనపర్తి, గద్వాల దాకా వచ్చే డెలివరీ వ్యాన్లలో ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదికి సరిపడా సీసాలు ఫిబ్రవరి లోపు తెప్పించుకోవడం మంచిది. తప్పక ఎండలో వస్తే పెట్టె అందుకున్న వెంటనే మూత తీయకూడదు. లోపల ఆవిరి ఒత్తిడితో సిమెంటు చిమ్ముతుంది, కళ్లలో పడుతుంది. ఒక పూట నీడన ఉంచి, సీసా మీద గుడ్డ కప్పి, మూతను మెల్లగా తిప్పి ఆ గాలి పోయాక తెరవాలి.